రత్నాల పెట్టెలో ఎర్ర చుక్క

పొద్దున షట్టరు సగం ఎత్తి లోపలికి వంగి వెళ్ళగానే కరీం బాషా చేసే మొదటి పని, మూలన నిలబెట్టిన పొడవాటి గొట్టానికి ఉన్న ఇత్తడి మూత తీయడం. లోపలి గాజు మీద రెండుసార్లు ఆవిరి ఊదుతాడు. పాత మల్లు గుడ్డతో మధ్య నుంచి అంచుల దాకా గుండ్రంగా తుడుస్తాడు. చివర్లో బొటనవేలి గోరుతో అంచంతా తడుముతాడు. ఒకచోట గోధుమ గింజంత పెచ్చు ఊడి ఉంటుంది. గోరు అక్కడ తట్టుకోగానే మూత బిగించి బల్ల ముందు కూర్చుంటాడు. ఆ తర్వాత రోజంతా ఆయనకు పెద్దగా పనేమీ ఉండదు.

విశాఖపట్నం పాత ఊళ్ళో, పాత పోస్టాఫీసు నుంచి రేవు వైపు దిగే సందులో ఉంది ఆ దుకాణం. బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయాయి గానీ, దాని కింద వేలాడే చెక్క దుర్భిణి వల్ల మా వీధిలో అందరికీ అది దుర్భిణి దుకాణమే. ఓడల్లో వాడే దుర్భిణులు, దిక్సూచులు, నక్షత్రాల ఎత్తు కొలిచే సెక్స్టెంట్లు బాగుచేయడం ఆయన వృత్తి. ఒకప్పుడు రేవులో ఓడ ఆగిందంటే మూడో నాటికి ఎవరో ఒక ఆఫీసరు సంచిలో ఏదో పట్టుకుని ఈ సందు వెతుక్కుంటూ వచ్చేవాడు. ఇప్పుడు ఓడలకు దారి చెప్పేవి ఉపగ్రహాలు. జాలర్ల మర పడవల్లో కూడా జీపీఎస్ పెట్టె ఉంది. ముందటేడు మొత్తం మీద ఆయన చేతికి వచ్చినవి నాలుగే దుర్భిణులు. అందులో రెండు షోకేసులో పెట్టుకోవడానికట.

దుర్భిణి కిందపడితే దాని రెండు గొట్టాల చూపులూ విడిపోతాయి. ఒకే వస్తువు రెండుగా కనిపిస్తుంది, చూసేవాడికి తలనొప్పి వస్తుంది. ఆ రెండు చూపులనూ మళ్ళీ ఒకటి చేయడాన్ని కరీం బాషా 'కలపడం' అంటాడు. కలపడానికి దూరంగా ఒక వెలుగు చుక్క కావాలి. దీపం పనికిరాదు, దానికి వెడల్పు ఉంటుంది. నక్షత్రమైతేనే సరి. అందుకని ఆయన పని సగం పగలు బల్ల మీద, సగం సాయంత్రం డాబా మీద. మర సీలను వెంట్రుకవాసి తిప్పడం, నక్షత్రాన్ని చూడడం, మళ్ళీ తిప్పడం.

ఆ డాబా మీద నిలబడి దక్షిణానికి చూస్తే రేవు కాలవ, దాని అవతల డాల్ఫిన్ నోస్ కొండ. వేసవి సాయంత్రాల్లో ఆ కొండకు పైన త్రిశంకు నిలబడుతుంది. ఆకాశంలోని నక్షత్ర మండలాలన్నిటిలోకీ అదే చిన్నది. నాలుగు చుక్కలు, గాలిపటం ఆకారం. తల చుక్క కాస్త ఎర్రన. పాదం చుక్క అన్నిటికన్నా ప్రకాశవంతం, మంచి గాజులోంచి చూస్తే అది ఒకటి కాదు, ఒకదాన్నొకటి ఒరుసుకున్న రెండు. ఎడమ పక్క చుక్క నీలం కలిసిన తెలుపు. కుడి పక్క చుక్క కొంచెం మసక. విశాఖలో ఎక్కడ నిలబడి చూసినా ఆ మండలం సముద్రానికి బెత్తెడు ఎత్తున మొదలై జానెడు దాటకుండా ముగిసిపోతుంది. కరీం బాషా డాబా మీద నుంచి తల చుక్క ఒక్కటే కనిపించేది. మిగిలిన మూడూ కొండ వెనకే. నలభై ఏళ్ళ పాటు ప్రతి వేసవిలోనూ ఆయన ఆ ఒక్క చుక్క మీదే దుర్భిణులు కలిపాడు.

కొండ వెనక ఉన్న ఎడమ చుక్క పక్కనే రత్నాల పెట్టె ఉందని చెప్పింది ఆయనకు పని నేర్పిన ఉస్తాద్. ఓడల మీద తిరిగి వచ్చిన మనిషి. మామూలు కంటికి అదొక మసక చుక్క. దుర్భిణిలో చిటికెడు పొగ. మంచి టెలిస్కోపులో చూస్తే మాత్రం నక్షత్రాల గుంపు, అన్నీ నీలంగా తెల్లగా, వాటి మధ్య ఒక్కటంటే ఒక్కటి ఎర్రగా. "నీ చేత్తో సానపట్టిన గాజులో ఆ ఎర్రది కనపడిందంటే నీకు పని వచ్చినట్టు. అప్పటిదాకా నువ్వు నా దగ్గర కూలివాడివే" అనేవాడట ఉస్తాద్. ఆ మాట అన్న ఆరేళ్ళకు ఆయన పోయాడు. పరీక్ష అలాగే మిగిలిపోయింది.

గాజు చాలా ఏళ్ళకు దొరికింది. విరగ్గొట్టిన ఓడ తుక్కులో, మూడంగుళాలది, ఒళ్ళంతా గీతలతో, అంచున పెచ్చుతో. శుక్రవారాలు నమాజు అయ్యాక కూర్చుని, తారు పూసిన పలక మీద ఎర్ర పొడి నీళ్ళలో కలిపి దాన్ని చేత్తో సానపట్టాడు. పదకొండేళ్ళు పట్టింది. ఆయన భార్య చాంద్ సుల్తానా వచ్చేపోయేవాళ్ళతో అనేది, "ఆ గాజుని తుడిసినట్టు నా మొకం తుడిసుంటే నాను కూడా మెరిసిపోదును." గొట్టం అమర్చి మూత బిగించేనాటికి కిందటేడు సంక్రాంతి వెళ్ళిపోయింది. త్రిశంకు సాయంత్రం పూట నిటారుగా నిలబడేది మే నెలలో. ఇంకా నాలుగు నెలలుంది.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం గురువులు వచ్చాడు. జాలారిపేట మనిషి, మర పడవ యజమాని, ముప్ఫై ఏళ్ళుగా తన దుర్భిణిని ఇక్కడే బాగుచేయించుకుంటాడు. వారం కిందట పట్టుకెళ్ళిన దుర్భిణిని మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"ఏటి బావా, ఇలగ సేసీసినావ్? దీంట్లోంచి సూత్తే నా పడవొక్కటీ రెండయిపోతంది. ఆస్తి పెరిగిందని సంబరపడ్డాను గానీ తల పగిలిపోతంది."

"నాను డాబా మీద సూసే ఇచ్చాను గురువులూ. ఒకటే సుక్క."

"ఒకటేటి? రెండు. మా ఆవిడకి సూపించినాను, ఆవిడకీ రెండే. మరి మా కళ్ళు పోనాయా, నీ కళ్ళు పోనాయా?"

గురువులు నవ్వాడు. లోపలి నుంచి టీ తెచ్చిన ఇర్ఫానా నవ్వలేదు. ఇర్ఫానా కరీం బాషా ఒక్కగానొక్క కూతురు. ద్వారకా నగర్‌లో కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. రోజూ పదిమంది కళ్ళకు అట్ట అడ్డం పెట్టి అక్షరాలు చదివించడం ఆమెకు అలవాటు. టీ గ్లాసులు కింద పెట్టి, తండ్రి వెనక్కి వెళ్ళి, అరచేత్తో ఆయన ఎడమ కన్ను మూసింది.

"అబ్బూ, గురువులు మావయ్య ఎన్ని వేళ్ళు చూపిస్తున్నాడు?"

కరీం బాషా అడిగాడు, "కరెంటు పోయిందా?"

పైన ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది. వీధిలో మిట్టమధ్యాహ్నపు ఎండ.

కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూడడం ఆయనకు అలవాటు. గాజు సానపట్టిన పదకొండేళ్ళూ అలాగే చూశాడు. మూసి ఉంచిన కన్ను మూతలోనే చచ్చిపోతే ఆయనకు తెలియలేదు. ఈ మధ్య ఎవరి దుర్భిణి కళ్ళకు పెట్టుకున్నా ఒకటే చుక్క కనిపించేది. రెండు చూపులూ కలిసిపోయాయనుకుని మర సీలకు లక్క పెట్టి ఇచ్చేసేవాడు. ఒంటి కంటి మనిషికి ప్రతి దుర్భిణీ కలిసినట్టే ఉంటుంది.

కంటి ఆస్పత్రిలో నీటికాసులు, అదే గ్లకోమా, అన్నారు. కుడి కన్ను అయిపోయింది. ఎడమ కంట్లో చూపు అంచుల నుంచి తరుగుతూ వస్తోంది, మధ్యలో ఇంత బిలం మిగిలింది. "గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది కదా?" అని అడిగారు డాక్టరు.

"నలబై ఏళ్ళుగా అలగే సూత్తన్నాను డాక్టరుగారూ. నాకు తేడా ఎలా తెలుత్తాది?"

ఉన్నది కాపాడటానికి మందు వేస్తామనీ, పోయింది తిరిగి రాదనీ చెప్పారు. ఎంతకాలం ఉంటుందని ఇర్ఫానా అడిగింది. ఏడాది అనుకోండి, అంతకన్నా ముందే అయినా కావచ్చు అన్నారు. ఇంటికి వచ్చాక కరీం బాషా చేసిన లెక్క ఒకటే. మే నెలకు మూడు నెలలు.

ఈ సంగతి విని గురువులు మర్నాడే వచ్చేశాడు.

"నాను తీసుకెల్తాను బావా. పడవ మీద సముద్రం మద్దెకి ఎలిపోదాం. అక్కడ కొండ నేదు, ఊరి దీపాలు నేవు. మా తాత ఆ నాలుగిటినీ లంగరు సుక్కలనీవోడు. పడవకేసే లంగరులాగే ఉంతాయి."

"పడవ ఊగదా?"

"పడవన్నాక ఊగదేటి?"

"నీ పడవ బెత్తెడు ఊగితే నా గొట్టంలో ఆకాశం అంతా కొట్టుకుపోద్ది. ఆ గుంపుండేది రవ్వంత సోటు."

"అయితే సముద్రాన్ని ఓ గంట ఆగమందుమా?"

లోపలి నుంచి చాంద్ సుల్తానా అందుకుంది. "ఈయన మాట సముద్రం ఇంటాదేటి? వొంటింట్లో మేకు కొట్టమని నాను అడిగి రెండేళ్ళయింది, ఆ మేకే ఇన్లేదు."

ఎలాగూ పడవ కుదరదు. ఏప్రిల్ పదిహేను నుంచి రెండు నెలలు వేట నిషేధం, మర పడవలు రేవు కదలకూడదు. త్రిశంకు నిలబడే రోజులూ పడవలు పడుకునే రోజులూ ఒకటే. కానీ ఆ రెండు నెలలూ గురువులికి ఖాళీ. తమ్ముడి ఆటో తీసుకుని స్టీల్ ప్లాంటు దాటి అప్పికొండ తీరానికి వెళ్దామన్నాడు. అక్కడ నేల మీద నిలబడవచ్చు. ఎదురుగా దక్షిణాన కొండ లేదు, నీళ్ళే. మే నెల అమావాస్య నాడు వెళ్ళాలని కరీం బాషా, గురువులు, ఇర్ఫానా ముగ్గురూ అనుకున్నారు.

ఏప్రిల్ అంతా కరీం బాషా రోజూ సాయంత్రం నమాజు అయ్యాక డాబా ఎక్కేవాడు. కొండ మీది తల చుక్క కనిపిస్తోందో లేదో చూసుకునేవాడు. కింద మెట్ల దగ్గర కూతురు నిలబడి ఉండేది.

"కనపడిందా అబ్బూ?"

"కనపడింది. ఎర్రగా నిప్పు కణికలాగుంది."

చూపు ఇంకా ఉంది, ఇంకా ఉంది అనుకుంటూ ఇంట్లో వాళ్ళు రోజులు లెక్కపెట్టుకున్నారు. డాబా మీదకు వెళ్ళి ఆయన పక్కన నిలబడి చూడాలని ఎవరికీ తోచలేదు.

అమావాస్య రోజు ఆకాశం తెరిపిగా ఉంది. గొట్టాన్ని దుప్పట్లో చుట్టి ఇర్ఫానా ఒళ్ళో పెట్టుకుంది. మూడు కాళ్ళ స్టాండు గురువులు పక్కన. మల్కాపురం, గాజువాక దాటి అప్పికొండ ఇసుకలో ఆటో ఆగేసరికి ఎనిమిదిన్నర. వెనక స్టీల్ ప్లాంటు వెలుగు మబ్బుకు పట్టిన నారింజ రంగులా ఉంది. ముందు సముద్రం, దాని మీద రేవులోకి పిలుపు కోసం లంగరేసుకుని ఎదురుచూస్తున్న ఓడలు. వాటికి కొంచెం పైన, ఇర్ఫానా జీవితంలో మొదటిసారి, నాలుగు చుక్కలూ ఒక్కసారే కనిపించాయి.

గొట్టాన్ని గురిపెట్టింది ఆమే. తండ్రి వెనక నుంచి చెప్తూ ఉన్నాడు. ఎడమ చుక్కను మధ్యలోకి తీసుకో, ఇప్పుడు కొంచెం పక్కకి, మెల్లిగా, ఊపిరి బిగబట్టు. మొదట ఆమెకు చీకటే కనిపించింది. తర్వాత ఒకటి, రెండు, ఆరు, పది. నీలపు చుక్కలు, మంచు పలుకుల్లా. వాటి మధ్యలో, ఆరిపోబోతున్న అగరొత్తి కొసలా, ఒక ఎర్ర చుక్క.

"అబ్బూ, ఉంది! ఎర్రది ఉంది!"

గురువులు ఆయన చెయ్యి పట్టుకుని ఇసుకలో నడిపించుకొచ్చాడు. కరీం బాషా గొట్టం చివర తడిమి, బిగింపు మరను అలవాటుగా ఒకసారి వేలితో తాకి, చెంప ఆనించాడు. కుడి కన్ను మూశాడు, చూపు లేని ఆ కన్ను. చాలాసేపు చూశాడు.

"ఉంది," అన్నాడు చివరికి. "ఉంది ఉస్తాద్. తెల్లవి ఐదారు. మద్దెలో ఎర్రది."

"మరింకేటి, పరీచ్చ పాసయిపోనావ్ బావా! ముసిలితనంలో పాసయినావు, బిరియానీ ఎట్టాల," అన్నాడు గురువులు. ఇర్ఫానా చున్నీతో మొహం తుడుచుకుంది. కరీం బాషా మాత్రం కంటిని గాజు దగ్గర నుంచి తీయలేదు. అమ్మీకి ఫోన్ చేస్తానని ఆమె అంటే చెయ్యి ఊపాడు, చేసుకో అన్నట్టు. చాంద్ సుల్తానా ఫోన్లో ఏడ్చి, వెంటనే, వచ్చేటప్పుడు మంచు తగలకుండా తలకు గుడ్డ కట్టమంది.

ఇర్ఫానా ఫోన్ పెట్టేసి వచ్చేసరికి ఆయన నిలబడిన తీరు మారింది. భుజాలు వంగాయి.

"నాను సూడ్డం మొదలెట్టి ఎంతసేపయింది?"

"పది నిమిషాలు దాటింది."

"మద్దెలో ఎవరైనా గొట్టం తాకారా?"

"లేదు."

ఆయన తల ఎత్తాడు. "ఆకాశం ఆగదు కదమ్మా. మద్దెలో ఎట్టిన సుక్క నాలుగు నిమిషాల్లో అంచుకి జారిపోవాల. ఇది అంగుళం కదల్లేదు. నువ్వు సూడు."

ఆమె చూసింది. ఐదారు తెల్ల దీపాలు, మధ్యలో ఒక ఎర్ర దీపం, వాటి కింద నీళ్ళ మీద వణుకుతున్న నీడలు. ఆయన వేలు తాకినప్పుడు మర వదులైంది. ముందు గాజు బరువుకు గొట్టం తన పాటికి తానే కిందికి వాలి, ఆకాశం దాటి, సముద్రం మీద ఆగింది. ఆ చీకట్లో ఎవరూ గమనించలేదు.

"ఓడ కదూ?" అన్నాడు కరీం బాషా.

"అవును అబ్బూ."

"ఓడైతే ఏటి బావా? అయ్యీ దీపాలే, ఇయ్యీ దీపాలే," అన్నాడు గురువులు. స్టాండు దగ్గరికి వచ్చి, "ఒక్క నిమిసం, మళ్ళీ ఎట్టీద్దాం. సుక్కలెక్కడికీ పోలేదు కదా" అన్నాడు.

నిజమే, ఎక్కడికీ పోలేదు. ఇర్ఫానా చేతి రుమాలు మడిచి బిగింపు సందులో కుక్కి, మర గట్టిగా తిప్పి, మళ్ళీ గురిపెట్టింది. రత్నాల పెట్టె అక్కడే ఉంది. ఎర్ర చుక్క అక్కడే ఉంది. ఆమె పక్కకు జరిగింది. ఆయన చెంప ఆనించాడు. ఈసారి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఎట్టావా?"

"పెట్టాను."

కొంతసేపు అయ్యాక, "సరిగ్గా ఎట్టావా?" అన్నాడు.

"మధ్యలోనే ఉంది అబ్బూ."

"నువ్వు మళ్ళీ సూడు."

ఆమె చూసింది. చుక్కల గుంపు కొంచెం పక్కకు జరిగిందంతే. మళ్ళీ మధ్యకు తెచ్చింది. ఆయన మళ్ళీ వంగాడు. గాజులోంచి కాక, విడిగా కూడా తల ఎత్తి ఆకాశం వైపు చూశాడు. అక్కడ నాలుగు చుక్కలు ఉన్నాయి. ఆయన మొహం వాటికి కాస్త ఎడంగా తిరిగి ఉంది.

"ఎర్రది ఏ పక్కనుంది?"

"మూడు తెల్లవి ఒక వరసలో ఉన్నాయి కదా, దాదాపు మధ్యలో, ఆ వరసలోనే."

"అంతే. ఉస్తాద్ కూడా అలగే సెప్పాడు." గొట్టం మీద చెయ్యి వేశాడు. "అయితే గాజు బాగానే ఉంది."

గురువులికి ఊరుకోవడం చేతకాదు. "అదేటి బావా, మరి కొండ మీద ఎర్ర సుక్క రోజూ సూత్తన్నావు కదా? అది కనపడి ఇదెందుకు కనపడదు?"

కరీం బాషా ఇర్ఫానా వైపు తిరిగాడు. "కొండ మీద స్తంభానికి ఎర్ర దీపం ఉంతాది కదా?"

"ఉంటుంది అబ్బూ. రాత్రంతా వెలుగుతుంది."

"ఊఁ. అది కూడా ఎప్పుడూ కదల్లేదు. నెల్లాళ్ళు సూసాను, నాకు అనుమానమే రాలేదు."

గొట్టాన్ని ఆయనే విప్పి, ఆయనే దుప్పట్లో చుట్టాడు. తిరుగు దారిలో మల్కాపురం దగ్గర రిఫైనరీ పొగగొట్టం మీద మంట ఎగసిపడుతోంది. ఆయన ఆటోలోంచి తల బయటికి పెట్టి, "అదేటి, ఎర్రగా?" అన్నాడు. రిఫైనరీ మంట అని చెప్పింది ఇర్ఫానా. "అది కనపడతంది," అని తల లోపలికి తీసుకున్నాడు.  గుమ్మంలో చాంద్ సుల్తానా పళ్ళెం నిండా మిఠాయి పెట్టుకుని నిలబడి ఉంది. ఇర్ఫానా మొహం చూసి ఆమె పళ్ళెం లోపల పెట్టేసింది. మరునాడు దాన్ని ఆమే వీధిలో పిల్లలకు పంచిపెట్టింది, ఎందుకో చెప్పకుండా.

రెండు రోజుల తర్వాత గురువులు వచ్చి, మళ్ళీ వెళ్దామా అన్నాడు. వద్దన్నాడు కరీం బాషా. జూలైలో ఎడమ కంటికి ఆపరేషన్ చేశారు. కంటి ఒత్తిడి తగ్గింది, చూపు తరగడం ఆగలేదు. గురువులు దుర్భిణి చాలాకాలం బల్ల మీదే ఉంది. దాన్ని కలపగలవాళ్ళు ఊళ్ళో ఇంకెవరైనా ఉన్నారేమోనని ఇర్ఫానా రేవు చుట్టూ అడిగి చూసింది. ఎవరూ లేరు. చివరికి గురువులే వచ్చి పట్టుకెళ్ళాడు. ఒక కన్ను మూసుకుని వాడుకుంటున్నాడట.

ఉస్తాద్ పెట్టిన పరీక్షలో గాజు నెగ్గిందని ఇర్ఫానా ఒకరోజు తండ్రితో అంది. "ఉస్తాద్ అడిగింది గాజుకి కనపడిందా అని కాదమ్మా," అన్నాడాయన, గుడ్డ మడతపెడుతూ. ఆమె ఇంక ఆ మాట ఎత్తలేదు. ఆ గాజును ఇంకా ఎందుకు రోజూ తుడుస్తావని మాత్రం ఇంకోసారి అడిగింది. "దుమ్ము పడతాది కదా," అన్నాడు.

కరీం బాషాకు ఇప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. ఎడమ కంటికి వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో తెలుస్తుంది, అంతకు మించి ఏమీ తెలియదు. కంటి మందు ఇక అక్కర్లేదని కిందటి నెల ఆస్పత్రిలో చెప్పారు.